‘మీకు అమ్మం’ అనే హక్కు ఎంతవరకు?

2018లో నాలుగు నెలల తేడాతో రెండు దేశాల సుప్రీంకోర్టులు కేకుల మీద తీర్పులు చెప్పాయి. జూన్ 4న అమెరికాలో, అక్టోబరు 10న బ్రిటన్‌లో. రెండు చోట్లా కేకు అడిగినవాళ్లు స్వలింగ ప్రేమికులు. కాదన్నవాళ్లు క్రైస్తవ విశ్వాసాన్ని గట్టిగా పాటించే బేకరీ యజమానులు. చివరికి రెండు చోట్లా బేకరీయే గెలిచింది. వార్తల శీర్షికలు మాత్రమే చూసినవాళ్లు సహజంగానే ఒక లెక్కకు వచ్చేశారు: గేలకు, లెస్బియన్లకు సేవలు అందించబోమని వ్యాపారులు ఇక నిక్షేపంగా చెప్పవచ్చు. కొందరికి అది ఊరట, కొందరికి గుబులు.

నిజానికి ఆ రెండు తీర్పుల్లో ఏ ఒక్కటీ ఆ మాట అనలేదు. పైగా బేకరీలు గెలవడానికి రెండు కోర్టులూ చూపిన కారణాలకు ఒకదానితో ఒకటి పొంతనే లేదు. అమెరికా కోర్టు అసలు ప్రశ్నను పక్కనపెట్టి, ఫిర్యాదును విచారించిన ప్రభుత్వ సంస్థ నడవడిని తప్పుపట్టింది. బ్రిటన్ కోర్టు ప్రశ్నకు సూటిగానే జవాబిచ్చింది, కాకపోతే అది జనం అనుకున్న ప్రశ్న కాదు. ‘వ్యాపారి నిరాకరించవచ్చా, లేదా?’ అని అడిగినంత కాలం ఈ ముడి విడిపోదు. ఎక్కడ నిరాకరించాడు, దేన్ని నిరాకరించాడు, ఎందుకు నిరాకరించాడు అని విడదీసి అడగాలి. ఎక్కడ అన్నది చట్టం తిరగేస్తే తెలిసిపోతుంది. మిగిలిన రెండింటితోనే కోర్టులు ఇప్పటికీ కుస్తీ పడుతున్నాయి.

మొదలు యజమాని ఇష్టమే

అమెరికాలో చట్టం మొదలయ్యే చోటు చాలామందికి వింతగా తోస్తుంది. ఎవరికి అమ్మాలి, ఎవరికి అమ్మకూడదు అన్నది మామూలుగా దుకాణదారుడి ఇష్టం. కారణం చెప్పనక్కర్లేదు. చట్టం పేరుపెట్టి నిషేధించిన కారణాలు కొన్ని ఉంటాయి. వాటిలో లేని కారణంతో ఎవరినైనా గుమ్మం నుంచే పంపించేయవచ్చు. 2018 జూన్‌లో అప్పటి వైట్‌హౌస్ ప్రతినిధి సారా శాండర్స్ వర్జీనియాలోని లెక్సింగ్టన్‌లో ఒక రెస్టారెంటుకు వెళ్తే, యజమానురాలు ఆమెను వెళ్లిపొమ్మని కోరారు. దేశమంతా రభస అయింది గానీ చట్టం ఏమీ చేయలేకపోయింది. రాజకీయ అనుబంధాన్ని బట్టి గిరాకీని తిప్పి పంపకూడదని సమాఖ్య చట్టంలోనూ లేదు, వర్జీనియా చట్టంలోనూ లేదు. వాషింగ్టన్ డీసీ చట్టంలో మాత్రం ఆ కారణం కూడా నిషిద్ధమే.

ఈ స్వేచ్ఛకు పాత మినహాయింపు ఒకటుంది. సత్రం నడిపేవాడు, బళ్లు తోలేవాడు చోటు ఉండగా, డబ్బు చెల్లిస్తానన్న బాటసారిని కాదనకూడదని ఇంగ్లండ్ కోర్టులు ఎప్పటినుంచో చెబుతూ వచ్చాయి. ఆ సూత్రం అమెరికాకూ వెళ్లింది. కానీ బానిసత్వం రద్దయ్యాక నల్లజాతి ప్రయాణికుల విషయానికి వచ్చేసరికి అది అక్కరకు రాలేదు. 1865లో మసాచుసెట్స్ రాష్ట్రం, 1875లో కాంగ్రెస్ ఇందుకోసం ప్రత్యేకంగా చట్టాలు చేయాల్సి వచ్చింది. కాంగ్రెస్ చేసిన చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టు 8–1తో కొట్టేసింది. మళ్లీ అలాంటి చట్టం రావడానికి 81 ఏళ్లు పట్టింది.

1964 పౌరహక్కుల చట్టం హోటళ్లు, రెస్టారెంట్లు, పెట్రోలు బంకులు, సినిమా హాళ్లలో జాతి, రంగు, మతం, జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధించింది. అట్లాంటాలో 216 గదుల మోటల్ యజమాని ఒకరు, నా ఆస్తి నా ఇష్టం అంటూ కోర్టుకెక్కి అదే ఏడాది ఓడిపోయారు. ఇవాళ్టి చర్చకు ఇంకా దగ్గరగా వచ్చేది సౌత్ కరోలినాలోని పిగ్గీ పార్క్ అనే రెస్టారెంట్ల సంస్థ కేసు. జాతుల కలయిక దేవుడి సంకల్పానికి విరుద్ధమని తన విశ్వాసమనీ, అందువల్ల చట్టం తన మత స్వేచ్ఛను హరిస్తోందనీ దాని యజమాని వాదించారు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒక అధస్సూచికలో (ఫుట్‌నోట్‌లో), బొత్తిగా పసలేనిదంటూ తోసిపుచ్చింది. ఆ యజమాని నమ్మకం నకిలీదని ఎవరూ అనలేదు. నమ్మకం నిజమైనదైనా, ప్రజలకు తెరిచిన భోజనశాలలో అది చెల్లదన్నారు. స్వలింగ వివాహాల కేసులన్నిటిలోనూ ఒక పక్షం ఈ అధస్సూచికనే పట్టుకుని లాగుతుంది. ‘జాతి వేరు, ఇది వేరు’ అని రెండో పక్షం దాన్నుంచి తప్పించుకోవాలని చూస్తుంది.

చట్టంలో ఉన్న ఖాళీ

1964 చట్టంలోని నాలుగు కారణాలను మళ్లీ చూడండి: జాతి, రంగు, మతం, జాతీయ మూలం. లైంగిక ధోరణి సరే, అందులో స్త్రీపురుష భేదం ప్రసక్తి కూడా లేదు. అదే చట్టంలోని ఉద్యోగాల భాగంలో అది ఉంది గానీ దుకాణాలు, హోటళ్ల భాగంలో లేదు. ఈ చిన్న తేడా ఫలితం చాలా పెద్దది. 2020లో బోస్టాక్ కేసులో సుప్రీంకోర్టు, ఒక ఉద్యోగిని స్వలింగ ప్రేమికుడన్న కారణంతో తొలగించడమంటే స్త్రీపురుష భేదం ఆధారంగా తొలగించడమేనని తేల్చింది. తీర్పు రాసినది జస్టిస్ నీల్ గోర్సచ్. ఆ తర్కాన్ని దుకాణాలకు వర్తింపజేద్దామంటే పట్టుకోవడానికి చట్టంలో ఆ మాటే లేదు. అంటే ఒక రెస్టారెంటు తన వంటవాడిని గే అని తీసేస్తే సమాఖ్య చట్టం అడ్డొస్తుంది. అదే రెస్టారెంటు గే కస్టమర్‌ను బయటికి పంపిస్తే అడ్డు రాదు. ఈ ఖాళీని పూడ్చేందుకు తెచ్చిన సమానత్వ బిల్లు 2019లోనూ 2021లోనూ ప్రతినిధుల సభలో నెగ్గింది, సెనేట్ గడప దాటలేదు. పైగా సమాఖ్య చట్టం పరిధిలో మామూలు చిల్లర దుకాణాలు లేనేలేవన్నది మరో విశేషం.

కాబట్టి అసలు ఆట రాష్ట్రాల్లో జరుగుతుంది. విస్కాన్సిన్ 1982లోనే లైంగిక ధోరణిని రక్షిత జాబితాలో చేర్చింది. కొలరాడో 2008లో ఆ పని చేసింది. ఇప్పుడు దాదాపు సగం రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. మిగతా చోట్ల ఏదైనా నగరం సొంతంగా నిబంధన పెట్టుకుంటే తప్ప, గే అన్న కారణంతో కస్టమర్‌ను పంపేస్తే ఫిర్యాదు చేయడానికి కూడా చోటు దొరకదు. మిసిసిపీ అయితే ఎదురు దిశలో నడిచింది. స్వలింగ వివాహాలకు సంబంధించిన సేవలను మతపరమైన నమ్మకంతో నిరాకరించేవారిని కాపాడేందుకే 2016లో చట్టం చేసింది. కేకుల మీద, పూల మీద ఇంత న్యాయశాస్త్రం పుట్టింది కొలరాడో, వాషింగ్టన్, ఆరిగన్ లాంటి రాష్ట్రాల్లోనే ఎందుకన్నది దీనితో తెలిసిపోతుంది. నిషేధం ఉన్నచోటే దాన్ని దాటే ప్రయత్నం ఉంటుంది. దేశంలో మిగిలిన సగంలో వ్యాపారికి రాజ్యాంగంతో పనే లేదు.

ఇక్కడే ఒక పొరపాటును సరిచేయాలి. కెంటకీలో ఒక కౌంటీ క్లర్కు 2015లో స్వలింగ జంటలకు వివాహ లైసెన్సులు ఇవ్వనని భీష్మించి కొన్ని రోజులు జైల్లో ఉండటం ఈ చర్చలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఆమె ప్రభుత్వ ఉద్యోగి. ప్రభుత్వ కౌంటరు వెనక కూర్చున్న మనిషి తన సొంత దుకాణం నడపడం లేదు. ఆ కథకూ ఈ కథకూ సంబంధం లేదు.

దేవుడి పేరుతో వెళ్తే

రాష్ట్రంలో నిషేధం ఉంది, వ్యాపారి మనసు ఒప్పుకోవడం లేదు. అతని ముందున్న దారి ఏమిటి? అందరికీ ముందుగా తట్టేది మత స్వేచ్ఛ. ఆశ్చర్యం ఏమిటంటే, చాలాకాలంగా ఆ దారి ఇరుకైపోయింది. 1990లో ఆరిగన్ రాష్ట్రానికి చెందిన ఒక కేసులో, మతాచారంలో భాగంగా మత్తునిచ్చే పెయోటీ మొక్కను తీసుకుని ఉద్యోగం పోగొట్టుకున్నవారు తమకు మినహాయింపు కావాలన్నారు. అందరికీ ఒకేలా వర్తించే తటస్థమైన చట్టాన్ని మతం పేరుతో తప్పించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు జవాబిచ్చింది. ఆ తీర్పు రాసినది సంప్రదాయవాదుల ఆరాధ్యుడు జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా. తర్వాతి కాలంలో అదే వర్గం ఆ తీర్పు మీద కారాలు మిరియాలు నూరింది. దాన్ని తిరగదోడాలని 1993లో కాంగ్రెస్ చట్టం చేసినా, ఆ చట్టం రాష్ట్రాలకు వర్తించదని 1997లో కోర్టు తేల్చేసింది.

అందుకే, మొదట చెప్పుకున్న అమెరికా తీర్పుకు మూలమైన కొలరాడో బేకరీ కేసు ఎంతో ఆసక్తి రేపింది. 2012 జూలైలో ఇద్దరు పురుషులు లేక్‌వుడ్‌లోని మాస్టర్‌పీస్ కేక్‌షాప్‌కు వెళ్లారు. వెంట ఒకరి తల్లి కూడా ఉన్నారు. అప్పటికి కొలరాడోలో స్వలింగ వివాహానికి గుర్తింపు లేదు. మసాచుసెట్స్‌లో పెళ్లి చేసుకుని ఇక్కడ విందు ఇవ్వాలని వాళ్ల ఆలోచన. యజమాని జాక్ ఫిలిప్స్, పుట్టినరోజు కేకులైనా కుకీలైనా అమ్ముతాను గానీ స్వలింగ వివాహానికి కేకు చేయనన్నారు. సంభాషణ అక్కడితో అయిపోయింది. కేకు ఎలా ఉండాలి, దాని మీద ఏమి రాయాలి అన్నదాకా మాట వెళ్లనే లేదు. ఈ వివరం గుర్తుంచుకోదగ్గది. ఆయన కాదన్నది ఒక డిజైన్‌ను కాదు, ఆ కేకు వెళ్లబోయే వేడుకను.

రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఫిలిప్స్‌ది తప్పంది. సుప్రీంకోర్టు 7–2తో ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. జస్టిస్ ఆంథనీ కెన్నెడీ చూపిన కారణం ఇది: 2014లో బహిరంగ విచారణలో ఒక కమిషనర్, బానిసత్వాన్నీ యూదుల ఊచకోతనూ కూడా మత స్వేచ్ఛ పేరుతోనే సమర్థించుకున్నారని వ్యాఖ్యానించారు. తోటి కమిషనర్లు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మరోవైపు, స్వలింగ వివాహాన్ని నిందించే రాతలతో కేకులు అడిగిన ఒక కస్టమర్‌ను మూడు బేకరీలు తిప్పిపంపితే, అది వివక్ష కాదని రాష్ట్రం ఒప్పుకుంది. తీర్పరి స్థానంలో కూర్చున్నవాళ్లు ఒక విశ్వాసం పట్ల చులకన చూపితే ఆ తీర్పు నిలవదన్నదే కెన్నెడీ మాటల సారం. ఆయన అదే తీర్పులో, మతపరమైన అభ్యంతరం ఉన్నంత మాత్రాన వ్యాపారి వివక్ష నిరోధక చట్టాన్ని తప్పించుకోలేడన్న సాధారణ సూత్రాన్ని మళ్లీ చెప్పారు కూడా. గెలిచినవాళ్ల సంబరంలో ఆ వాక్యం ఎవరికీ వినిపించలేదు.

మనిషా, మాటా?

బ్రిటన్ తీర్పుకు మూలమైన, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ కేసు దీనికి పూర్తిగా వేరు. 2014 మేలో ఒక గే కార్యకర్త యాషర్స్ బేకరీలో కేకు ఆర్డరు ఇచ్చి 36.50 పౌండ్లు చెల్లించారు. ఆ బేకరీలో మనం ఇచ్చిన బొమ్మను కేకు మీద ముద్రించి ఇస్తారు. ఆయన ఇచ్చిన బొమ్మలో పిల్లల టీవీ కార్యక్రమంలోని రెండు తోలుబొమ్మలు, ‘గే వివాహానికి మద్దతివ్వండి’ అన్న నినాదం ఉన్నాయి. కౌంటర్లో ఆర్డరు తీసుకున్నారు. కొద్ది రోజుల తర్వాత ఫోన్ చేసి, చేయలేమని చెప్పి డబ్బు తిరిగిచ్చారు. కింది కోర్టు, అప్పీలు కోర్టు బేకరీని తప్పుపట్టాయి. సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తిరగరాశారు.

న్యాయమూర్తి లేడీ హేల్ రాసిన తీర్పులోని తర్కం చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇదే కస్టమర్ వేరే కేకు అడిగి ఉంటే ఇచ్చేవారా? ఇచ్చేవారు. ఇదే నినాదంతో కేకును గే కాని మనిషి అడిగి ఉంటే చేసేవారా? చేసేవారు కాదు. అయితే అభ్యంతరం మనిషి మీద కాదు, మాట మీద. తాను నమ్మని నినాదాన్ని రాసిపెట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఆమె తీర్పు చివర కొలరాడో కేసును కూడా ప్రస్తావిస్తూ, ఫలానా సందేశమున్న కేకును ఎవరికీ చేయననడం ఒకటి, ఫలానా మనిషికి కేకు చేయననడం మరొకటి అని గీత గీశారు. ఈ గందరగోళం మొత్తంలో నాకు అన్నిటికంటే గట్టిగా నిలబడగలదనిపించే గీత ఇదే. ‘ఇదే వస్తువును ఇంకొకరు అడిగితే ఇస్తావా?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి చాలా కేసులు వాటంతట అవే ఒక పక్కకు ఒరుగుతాయి.

ఉదాహరణకు గదులు. కార్న్‌వాల్‌లో ఒక చిన్న హోటల్ నడిపే దంపతులు, పెళ్లయిన స్త్రీపురుషులకు తప్ప ఎవరికీ డబుల్ బెడ్ గది ఇవ్వబోమని నియమం పెట్టుకున్నారు. 2008లో సివిల్ పార్ట్‌నర్‌షిప్‌లో (పెళ్లికి బదులుగా స్వలింగ జంటలకు అప్పట్లో ఉన్న చట్టబద్ధ బంధంలో) ఉన్న ఇద్దరు పురుషులను ఆ నియమంతోనే పంపేశారు. పెళ్లికాని స్త్రీపురుషులకూ ఇవ్వం కదా, ఇందులో వివక్ష ఎక్కడుందన్నది వాళ్ల వాదన. 2013లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. గదికి సందేశం ఉండదు. అప్పటి చట్టం ప్రకారం పెళ్లి చేసుకునే వీలే లేనివాళ్లకు ‘పెళ్లయితేనే’ అనే షరతు పెట్టడమంటే శాశ్వతంగా తలుపు మూయడమే. హవాయిలో సొంత ఇంట్లోనే మూడు గదులు అద్దెకిచ్చే ఒక మహిళ కూడా, ఒక లెస్బియన్ జంటను కాదన్నందుకు 2018లో రాష్ట్ర అప్పీలు కోర్టులో ఓడిపోయారు. అది తన ఇల్లు అన్న వాదన, ఆ ఇంటిని వ్యాపారంగా తెరిచాక నిలబడలేదు.

‘మనిషి మీద కాదు, వాళ్ల పెళ్లి మీదే అభ్యంతరం’ అనే మాటకు అత్యంత బలమైన రూపం వాషింగ్టన్ రాష్ట్రంలో కనిపిస్తుంది. రిచ్‌లాండ్‌లో ఒక పూల దుకాణం యజమానురాలు ఒక కస్టమర్‌కు తొమ్మిదేళ్లపాటు పూలు అమ్మారు. అతను గే అని ఆమెకు తెలుసు, ఏనాడూ అడ్డు చెప్పలేదు. 2013లో అతను తన పెళ్లికి పూల అలంకరణ అడిగినప్పుడు, అతని చేయి పట్టుకుని తన విశ్వాసం ఒప్పుకోదని చెప్పారు. ద్వేషం అనే మాటను ఇక్కడ వాడటం కష్టం. అయినా ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రెండుసార్లు ఆమెకు వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. ఎందుకంటే స్వలింగ వివాహం చేసుకునేది స్వలింగ ప్రేమికులే. ఆ వేడుకను మాత్రమే కాదంటున్నానని చెప్పినా దెబ్బ తగిలేది ఒక్క వర్గానికే. యూదులు పెట్టుకునే టోపీ మీద పన్ను వేస్తే అది యూదుల మీద పన్నేనని 1993లో ఒక కేసులో స్కాలియా అన్న మాటను ఇలాంటి చోట తరచూ గుర్తుచేస్తారు. మనసులో చెడు లేకపోయినా వివక్ష జరగగలదని చెప్పే చట్టం ఇది. మనసును కొలవడం మొదలుపెడితే ఏ ఫిర్యాదూ నిలబడదు కనుక, నాకది సబబుగానే తోస్తుంది.

కట్టని వెబ్‌సైట్ల కేసు

2023 జూన్ 30న దృశ్యం మారింది. కొలరాడోలోనే లోరీ స్మిత్ అనే వెబ్ డిజైనర్, పెళ్లిళ్లకు వెబ్‌సైట్లు చేసే పని మొదలుపెట్టాలనుకుంటున్నాననీ, స్వలింగ జంటలకు చేయమంటే తన భావ ప్రకటన స్వేచ్ఛకు భంగమనీ 2016లోనే దావా వేశారు. అప్పటికి ఆమె ఒక్క పెళ్లి వెబ్‌సైటు కూడా చేయలేదు. రాష్ట్రం ఆమె మీద ఏ చర్యా తీసుకోలేదు. మతం ఆమె ప్రేరణ అయినా, సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది మాట్లాడే స్వేచ్ఛకు సంబంధించిన ప్రశ్నను మాత్రమే. 6–3తో ఆమె గెలిచారు. తీర్పు రాసినది మళ్లీ గోర్సచే. వెబ్‌సైటు ఆమె స్వయంగా అల్లే మాట, ఆ మాటను ప్రభుత్వం బలవంతంగా ఆమె నోట పలికించలేదు అన్నారు. 1995లో బోస్టన్‌లో సెయింట్ పాట్రిక్ ఊరేగింపు నిర్వాహకులు ఒక గే బృందాన్ని తమ ఊరేగింపులో కలుపుకోనక్కర్లేదని కోర్టు ఏకగ్రీవంగా చెప్పిన తీర్పును పునాదిగా చేసుకున్నారు.

ఈ తీర్పును అర్థం చేసుకోవాలంటే దానికి ముందు రెండు పక్షాలూ రాసుకున్న ఒప్పందాన్ని చూడాలి. ఆమె ఏ లైంగిక ధోరణి ఉన్నవారితోనైనా పనిచేస్తుందని, ప్రతి వెబ్‌సైటూ ఆ జంట కోసం ప్రత్యేకంగా రూపొందించేదేనని, అందులో ఆమె భావవ్యక్తీకరణ ఉంటుందని కొలరాడో రాష్ట్రం ముందే అంగీకరించింది. అంటే పోరు జరగాల్సిన చోటే రాష్ట్రం ఆయుధాలు కింద పెట్టేసింది. ఏది భావవ్యక్తీకరణ, ఏది ఒట్టి సరుకు అనే అసలు ప్రశ్నను కోర్టు తేల్చనవసరం లేకుండా పోయింది. 2022 డిసెంబరులో వాదనలప్పుడు జస్టిస్ కెటాంజీ బ్రౌన్ జాక్సన్ ఆ ప్రశ్ననే మరో రూపంలో అడిగారు: పాతకాలపు క్రిస్మస్ వాతావరణం కళ్లకు కట్టాలని ఒక ఫొటోగ్రాఫర్, శాంతాక్లాజ్ ఒళ్లో తెల్లపిల్లలను మాత్రమే కూర్చోబెట్టి ఫొటోలు తీస్తానంటే అది కూడా కళేనా? కాదని గట్టిగా చెప్పే వాక్యం తీర్పులో దొరకదు.

లేడీ హేల్ గీతతో కొలిస్తే ఈ తీర్పు అటూ ఇటూ ఊగుతుంది. పెళ్లి తేదీ, వేదిక, బస వివరాలు, ఇద్దరి పేర్లు ఉండే పేజీలో పేర్లు మారిస్తే సందేశం మారినట్టా? జస్టిస్ సోనియా సోటోమయోర్ అసమ్మతి తీర్పులో పట్టుకున్నది ఈ కీలకాన్నే. వివాహమంటే స్త్రీపురుషుల మధ్యేనని ప్రతి వెబ్‌సైటు మీదా రాసుకునే హక్కు డిజైనర్‌కు ఉంది, కానీ ఆ వెబ్‌సైటును అందరికీ అమ్మాల్సిందే అన్నది ఆమె వాదం. వస్తువు ఎలా ఉండాలో అమ్మేవాడు నిర్ణయించవచ్చు, కొనేవాడు ఎవరో నిర్ణయించకూడదు. ఇది తర్కంగా బాగుంది. అయితే ఎదుటి పక్షం ప్రశ్న కూడా తేలిగ్గా తీసేయదగినది కాదు. చాలా రాష్ట్రాల్లో మతం కూడా రక్షిత కారణమే. స్వలింగ వివాహం పాపమని బోధించే చర్చి తన ప్రచార పేజీలు రాసిపెట్టమని ఒక గే రచయితను అడిగితే, చట్టం అతని మెడ మీద కూర్చోవాలా? అక్కర్లేదనే నేను అంటాను. ఆ రచయితకు ఇచ్చే స్వేచ్ఛ స్మిత్‌కూ ఇవ్వాలి. నా పేచీ అంతా పేర్లు, తేదీలు నింపే పేజీని ఆ బోధనా పేజీతో సమానం చేయడంతోనే.

గులాబీ కేకు, తెల్ల కేకు

ఇక మిగిలినదంతా మధ్యలో ఉన్న నేల. మాస్టర్‌పీస్ బేకరీనే మళ్లీ కోర్టుకు లాగిన మరో ఆర్డరు దీనికి చక్కని నమూనా. 2017లో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ఫోన్ చేసి, లోపల గులాబీ రంగు, పైన నీలం రంగు పూత ఉన్న కేకు అడిగారు. బేకరీ సరేనంది. ఆ రంగులు తన లింగ మార్పిడికి గుర్తని ఆమె చెప్పిన మరుక్షణం కుదరదంది. బొమ్మ లేదు, అక్షరం లేదు. అదే కేకు, చేయడానికి ఒప్పుకున్నదే. మారింది కొనేవారి గురించి తెలిసిన సంగతి మాత్రమే. ఇలాంటి కేకులో బేకరీవాళ్ల మాట ఏమీ లేదని 2023లో కొలరాడో అప్పీలు కోర్టు అంది. 2024 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం, దావా నడిచిన పద్ధతి సరికాదంటూ అసలు విషయం జోలికి వెళ్లకుండా కొట్టేసింది. బేకర్‌స్‌ఫీల్డ్‌లో మరో దుకాణంలో ఒక లెస్బియన్ జంట కోరినది రాతలు, బొమ్మలు ఏవీ లేని తెల్ల కేకు. అక్కడ కింది కోర్టు 2022లో బేకరీ పక్షాన నిలిస్తే, 2025 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. ఎవరు అడిగినా అమ్మే మామూలు తెల్ల కేకు దేన్నీ ప్రకటించదంది.

డబ్బు లెక్క చూస్తే ఈ పోరాటాలు ఎవరినీ ధనవంతులను చేసేవి కావు. యాషర్స్ కేసులో కింది కోర్టు విధించిన పరిహారం 500 పౌండ్లు. కార్న్‌వాల్ దంపతులు చెల్లించాల్సి వచ్చింది ఒక్కొక్కరికి 1,800 పౌండ్లు. రిచ్‌లాండ్ పూల దుకాణం కేసు ఎనిమిదేళ్లకు 5,000 డాలర్ల రాజీతో ముగిసింది. ఆరిగన్‌లో ఒక బేకరీ మీద 2015లో విధించిన 1,35,000 డాలర్ల పరిహారం ఒక్కటే భారీది. పై కోర్టులకు వెళ్లి వచ్చాక అధికారులు దాన్ని 30,000 డాలర్లకు తగ్గించారు, 2023లో సుప్రీంకోర్టు దాన్నీ మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపింది. న్యూమెక్సికోలో తన వేడుకకు ఫొటోలు తీయననందుకు ఒక స్టూడియో మీద గెలిచిన మహిళకు 6,600 డాలర్ల పైచిలుకు లాయరు ఖర్చులు ఇప్పించారు. ఆమె ఆ డబ్బు వద్దన్నారు.

ఆ న్యూమెక్సికో తీర్పు వచ్చింది 2013లో. అదే కేసు ఇవాళ వస్తే స్టూడియోనే గెలిచే అవకాశం ఎక్కువ. ఫొటో తీయడంలో తీసేవాడి కళ్లూ మనసూ ఉంటాయని ఒప్పుకోవడానికి ఇప్పుడు కోర్టులకు పెద్ద అభ్యంతరం ఉండదు. ఆహ్వాన పత్రికల మీద చేత్తో అక్షరాలు దిద్దేవారికి అరిజోనా సుప్రీంకోర్టు 2019లోనే 4–3తో ఆ వెసులుబాటు ఇచ్చింది. పెళ్లి పందిట్లోకి కుర్చీలు అద్దెకిచ్చేవాడికి, హాలు ఇచ్చేవాడికి, అతిథులను బస్సులో తీసుకొచ్చేవాడికి ఆ దారి మూసే ఉంది. పూల అలంకరణ చేసేవాళ్లు, కేకు మీద కొత్త రూపాన్ని చెక్కేవాళ్లు మాత్రం ఎటువైపు వస్తారో ఒక్కో రాష్ట్రంలో, ఒక్కో ఆర్డరుతో తేలాల్సిందే.